చెన్నైకి మొదటిసారి వెళ్తే ఎక్కడ దిగాలి? రెండు చోట్ల ఉండి చూసి రాస్తున్న రివ్యూ

పోయిన నవంబర్లో ఐదు రాత్రులు చెన్నైలో ఉండొచ్చాం. నేను, మా ఆయన, అమ్మ, ఆరేళ్ళ మా బాబు. పనులు రెండు. అమ్మకి షుగర్ వల్ల కంటి వెనక రెటీనా దెబ్బతింటోందని గుంటూరులో డాక్టరు గారు ఒకసారి శంకర నేత్రాలయలో చూపించుకోమన్నారు, అది మొదటిది. రెండోది ఫిబ్రవరి చివర్లో చెల్లి పెళ్లి, పట్టుచీరలు టీ నగర్లో కొనాలని చెల్లి పట్టు. మాది తెనాలి, పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్, మా వీధిలో సగం మంది వెళ్ళొచ్చినవాళ్ళే, కానీ మా ఇంట్లో మాత్రం ఎవరం ఎప్పుడూ అక్కడ రాత్రి ఉన్నది లేదు. అందుకే ఎక్కడ దిగాలో తెలీక మొదట తప్పు చోట దిగాం, తర్వాత మంచి చోటుకి మారాం. రెండింటి గురించీ, మధ్యలో చూసిన మిగతా ఏరియాల గురించీ రాస్తున్నా. హోటల్ పేర్లు రాయట్లేదు ఎందుకంటే పేరు కంటే ఏరియానే ముఖ్యం అని నాకు గట్టిగా అర్థమైంది, చోటు తప్పితే రూమ్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు.

ముందు తప్పు చోటు సంగతి. ఫోన్లో యాప్ తీసి చెన్నై అని కొట్టి, నలుగురికి, ఐదు రాత్రులు అని పెట్టాం. ఫొటోల్లో స్విమ్మింగ్ పూల్, తెల్లటి దుప్పట్లు, పొద్దున టిఫిన్ ఫ్రీ, రోజుకి 2,100. టీ నగర్లో అదే డబ్బుకి చిన్న చిన్న గదులు కనపడ్డాయి, కిటికీ తీస్తే పక్కింటి గోడ. బాబు పూల్ చూసి ఎగిరాడు, మేమూ బుక్ చేసేశాం. అడ్రస్ లో నావలూర్, ఓఎంఆర్ (అంటే ఓల్డ్ మహాబలిపురం రోడ్డు), చెన్నై అనుంది. చెన్నై అనుంది కదా అనుకున్నాం అంతే. మ్యాప్ లో సెంట్రల్ నుంచి ఎంత దూరమో ఒక్కసారి కొట్టి చూసుంటే తెలిసిపోయేది, దగ్గర దగ్గర 30 కిలోమీటర్లు. తెనాలి నుంచి గుంటూరు వెళ్ళిన దూరం కంటే ఎక్కువ!

సోమవారం మధ్యాహ్నం సెంట్రల్లో దిగి క్యాబ్ బుక్ చేస్తే 900 చూపించింది, సరే ఎక్కాం, గంటా నలభై నిమిషాలు పట్టింది. ఓఎంఆర్ మీద మెట్రో రెండో దశ పనులు, రోడ్డు మధ్యలో రేకులు అడ్డం పెట్టి ఉన్నాయి, వాటి పక్కన మిగిలిన దార్లో ఐటీ కంపెనీల బస్సులు, క్యాబులు, నీళ్ళ ట్యాంకర్లు. రూమ్ నిజంగా బాగానే ఉంది, అబద్ధం చెప్పను, ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉంది. కానీ కుళాయి నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, సబ్బు నురగ రాదు, అమ్మ తలంటుకుంటే జుట్టు అట్ట కట్టింది. సముద్రం దగ్గరున్న ఏరియాల్లో బోరు నీళ్ళు అంతేనంట, అక్కడ చాలా బిల్డింగులు బోర్ల మీదా ట్యాంకర్ల మీదా బతుకుతాయి. రాత్రి ఇంత పెరుగన్నం దొరుకుతుందేమో అని మా ఆయన బయటికెళ్తే బిర్యానీ, పిజ్జా, షవర్మా, ఇవే. ఉద్యోగాలు చేసుకునే పిల్లలుండే చోటు, వాళ్ళకి తగ్గట్టే ఉంటాయి షాపులు, తప్పేం లేదు. మాకు మాత్రం సరిపడే చోటు కాదది.

అసలు బాధ మంగళవారం తెలిసింది. హాస్పిటల్ అపాయింట్‌మెంట్ 8 గంటలకి, శంకర నేత్రాలయ నుంగంబాక్కంలో కాలేజ్ రోడ్డు మీద ఉంటుంది, అందుకని ఆరు కాకముందే బయల్దేరాం. టెస్టులన్నీ అయ్యేసరికి సాయంత్రం అయింది. కంటి హాస్పిటల్ కి వెళ్ళినవాళ్ళకి తెలుసు, రెటీనా చూడాలంటే కంట్లో చుక్కలు వేసి కనుపాప పెద్దది చేస్తారు, తర్వాత కొన్ని గంటల పాటు అన్నీ మసకే, కాస్త వెలుతురు పడినా కళ్ళు తెరవలేరు. అమ్మ అలా కళ్ళు మూసుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని, ఆ ట్రాఫిక్ లో, ఎదురొచ్చే బండ్ల లైట్లు మొహం మీద పడుతుంటే దాదాపు రెండు గంటలు కూర్చుంది. పైన వాన. షోళింగనల్లూర్ దాటేసరికి వాంతొచ్చేలా ఉంది ఆపించమంది. అరవై మూడేళ్ళ మనిషిని ఇంత దూరం తిప్పుతున్నానే అని నాకు ఏడుపొచ్చేసింది. ఆ దూరం మేం కాస్త చూసుకుంటే తప్పేదే. పేషెంట్ తో వెళ్ళేవాళ్ళు దయచేసి ఈ ఒక్క పేరా అయినా గుర్తు పెట్టుకోండి. హాస్పిటల్ నుంచి రూమ్ కి అరగంట దాటకూడదు, రూమ్ ఎంత చిన్నదైనా సరే.

ఆ రోజే హాస్పిటల్ వెయిటింగ్ హాల్లో అమ్మ పక్కన ఒంగోలు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు కూర్చున్నారు, ఏడాదిగా మూడు నెలలకోసారి వస్తున్నారంట. ఎక్కడ దిగారు అమ్మాయ్ అని అడిగారు. చెప్పాను. 'అయ్యో, అంత దూరమా! మాంబళంలో దిగాల్సింది తల్లీ, రైలెక్కితే రెండు స్టేషన్లు' అన్నారు. ఏ వీధిలో వెతకాలో, ఎంత అడుగుతారో, ఎంతకిస్తారో అన్నీ ఆవిడే చెప్పారు. ఈ రివ్యూలో పనికొచ్చే సగం మాటలు ఆవిడవే.

ఆవిడ చెప్పిందేంటంటే, చెన్నైలో బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా లోకల్ రైలు లైను ఒకటుంది, ఊరికి వెన్నెముక అది. వరసగా బీచ్, ఫోర్ట్, పార్క్, ఎగ్మూర్, చెట్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం, మాంబళం, సైదాపేట, గిండి, అలా తాంబరం, అక్కణ్ణించి చెంగల్పట్టు దాకా. పార్క్ అంటే సెంట్రల్ కి ఎదురుగా రోడ్డవతల ఉన్న స్టేషను. మనం తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళేవాళ్ళకి సెంట్రల్, ఎగ్మూర్, హాస్పిటళ్ళు, టీ నగర్ షాపులు, చివరికి ఎయిర్‌పోర్ట్ కూడా ఈ లైను మీదో, దీనికి ఆటో దూరంలోనో ఉంటాయి. ఎయిర్‌పోర్ట్ కి ఎదురుగానే తిరుశూలం స్టేషను. టికెట్ 5 రూపాయల నుంచి మొదలు. ఆడవాళ్ళకి వేరే పెట్టెలున్నాయి. 2025 ఏప్రిల్ నుంచి ఏసీ లోకల్ కూడా నడుపుతున్నారు, రోజుకి కొన్నే, టికెట్ ఎక్కువ. పొద్దున 8 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 8 మాత్రం పెద్దవాళ్ళతో ఎక్కకండి, నిలబడ్డానికే చోటుండదు. మిగతా టైంలో హాయిగా కూర్చునే వెళ్ళొచ్చు. అందుకని నేను చెప్పేది ఒక్కటే, యాప్ లో ఫొటోలు చూసే ముందు మ్యాప్ తీసి ఈ లైను మీద వేలు పెట్టండి, ఆ స్టేషన్లలో దేనికైనా నడిచి పది నిమిషాల్లో చేరే చోటే రూమ్ వెతకండి.

బుధవారం పొద్దున మళ్ళీ డాక్టరు గారిని కలవాలి, అందుకని సామాన్లతో సహా ఖాళీ చేసేశాం. ఐదు రాత్రులకి ముందే కట్టాం కదా, రెండు రాత్రులు ఉన్నాం, మూడో రాత్రి డబ్బులు పోయాయి, మిగతా రెండు రాత్రులవి గట్టిగా అడిగితే వారానికి వెనక్కి వేశారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు అన్ని రాత్రులూ ఒకేసారి బుక్ చేయొద్దండి. ఒక్క రాత్రికి చేసి, చోటు నచ్చితే పొడిగించుకోండి. క్యాన్సిల్ చేసుకునే వీలున్నది వంద రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి.

ఇక వెస్ట్ మాంబళం. మాంబళం స్టేషన్ కి తూర్పు పక్క టీ నగర్, రంగనాథన్ వీధి, జనసముద్రం. పడమటి పక్కకి మెట్లు దిగామా, వేరే ఊరే! కూరగాయల బండ్లు, పూలమ్మేవాళ్ళు, గుమ్మం ముందు ముగ్గులు, కాఫీ పొడి వేయించే వాసన, పంచె కట్టుకున్న పెద్దాయనలు సంచీతో నడుచుకుంటూ. ఆర్య గౌడ రోడ్డు, లేక్ వ్యూ రోడ్డు, అయోధ్యా మండపం, ఈ చుట్టుపక్కల సందుల్లో ఇళ్ళ పై అంతస్తుల్ని సర్వీస్ అపార్ట్‌మెంట్లుగా ఇస్తారు. మాకు దొరికింది రెండో అంతస్తులో ఒక బెడ్రూము, హాల్లో దివాన్ కాట్, చిన్న వంటిల్లు, ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి. రోజుకి 2,600 అడిగారు, మూడు రాత్రులుంటాం అంటే 2,300 కి ఒప్పుకున్నారు. స్టేషన్ నుంచి నడక ఏడు నిమిషాలు, అమ్మ నడకతో పది.

ఓనరమ్మ కింద ఇంట్లోనే ఉంటారు. మేం ఆటో దిగి ఆటో అతనికి ఎంతివ్వాలి అని మా ఆయన నన్ను తెలుగులో అడుగుతుంటే లోపల్నుంచి 'తెలుగువాళ్ళా? రాండి రాండి, ఎప్పుడు తిన్నారో ఏమో' అని వచ్చారు. వాళ్ళు ఎన్నో తరాల కిందటే అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళంట, ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం రాయడం మాత్రం తమిళమే. ఆవిడ తెలుగు మన తెలుగులాగే ఉంటుంది కానీ తీరు వేరు, 'వస్తా ఉండారు', 'చేస్తా ఉండాను' అంటారు, మా అమ్మ నాయనమ్మ ఊళ్ళో వినేదట ఆ మాటలు. మొదటి రాత్రి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని పదకొండు దాకా కబుర్లే. రెండు రోజులుగా కన్ను గురించి భయపడి ముద్ద మింగని మనిషి ఆ రాత్రి చారన్నం తిని పడుకుంది. ఇది యాప్ లో స్టార్లు చూస్తే తెలిసేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

వంటిల్లు ఉండడం ఎంత మేలో చెప్పలేను. అమ్మకి షుగరు, బాబు బయట సాంబార్ ముట్టడు. పాల ప్యాకెట్, బియ్యం అరకిలో, పెరుగు, కింద షాపులో తీసుకొచ్చి పొద్దునా రాత్రీ అన్నం మేమే వండుకున్నాం, మధ్యాహ్నం మటుకు బయట. టిఫిన్ కి చుట్టుపక్కల చిన్న చిన్న మెస్సులున్నాయి, ఇడ్లీ మల్లెపువ్వులా ఉంటుంది, పొంగల్ లో నెయ్యి తక్కువ చెయ్యరు. ఫిల్టర్ కాఫీ సంగతి వేరే చెప్పక్కర్లేదు, మా ఆయన రోజుకి నాలుగు తాగాడు. కారం కావాల్సినవాళ్ళు ఇంటి నుంచి పచ్చడి సీసా తెచ్చుకోండి, మేం తెచ్చుకున్న గోంగూర సగం ఓనరమ్మకే ఇచ్చొచ్చాం.

లోపాలు కూడా చెప్పాలి కదా. లిఫ్ట్ లేదు, రెండో అంతస్తుకి మెట్లు ఎక్కాల్సిందే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గ్రౌండ్ ఫ్లోరే అడగండి. దోమలు బాగా ఉన్నాయి, ఆరింటికల్లా కిటికీలు వేసెయ్యాలి. రైళ్ళ చప్పుడు వినపడుతుంది, రాత్రి కాసేపు తగ్గి తెల్లవారుజామున నాలుగు నుంచి మళ్ళీ మొదలు, మాకు తెనాలిలో అలవాటే కాబట్టి ఇబ్బంది అనిపించలేదు, నిద్ర పల్చగా ఉండేవాళ్ళకి కష్టమే. కుళాయిలో బోరు నీళ్ళు కాస్త ఉప్పు తగిలాయి కానీ ఓఎంఆర్ లో అంత లేదు, మెట్రో వాటర్ అని కార్పొరేషన్ నీళ్ళు వచ్చినప్పుడు బాగానే ఉన్నాయి, తాగడానికి క్యాన్ పెట్టారు. మెట్రో రైలు నడిచి వెళ్ళే దూరంలో లేదు, అశోక్ నగర్ స్టేషన్ కి ఆటో ఎక్కాలి. వాన గట్టిగా కొడితే టీ నగర్ వైపు వెళ్ళే దురైస్వామి సబ్‌వేలో నీళ్ళు నిలుస్తాయి, అలాంటప్పుడు స్టేషన్ వంతెన మీదుగా నడిచి అవతలికి వెళ్ళడమే మేలు.

మరి టీ నగర్లోనే దిగొచ్చు కదా అంటారేమో. షాపింగ్ ఒక్కటే పనైతే, ఒకటి రెండు రాత్రులే అయితే, దిగండి, పానగల్ పార్కు నుంచి పాండీ బజార్ దాకా లాడ్జిలకి లోటు లేదు. చీరల షాపులో తెలుగు వినపడగానే సేల్స్ వాళ్ళు తెలుగులోకి దిగిపోతారు, రంగూ అంచూ మన మాటల్లోనే చెప్తారు. ఊరి పేర్లు కూడా మనవే, టీ నగర్ అంటే త్యాగరాయ నగర్, జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు, పానగల్ పార్కు ఏమో 1920ల్లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పానగల్ రాజా రామరాయణింగారి పేరు, ఇద్దరూ తెలుగువాళ్ళే. వెంకటనారాయణ రోడ్డులో టీటీడీ వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. అన్నీ ఉన్నాయి గానీ సాయంత్రం అయితే అడుగు తీసి అడుగు వెయ్యలేం, మేం వెళ్ళినప్పుడు పానగల్ పార్కు దగ్గర మెట్రో తవ్వకాలు కూడా. దీపావళికి ముందు, ఆడి నెల సేల్స్ అప్పుడు అంటే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, పిల్లల్తో అక్కడ దిగడం అసలు వద్దు. మేం చేసింది బాగా కుదిరింది, మాంబళం స్టేషన్ నుంచి బస్టాండ్ దాకా 2023 లో స్కైవాక్ కట్టారు, రంగనాథన్ వీధి రద్దీలో నలగకుండా పైనుంచే నడిచి వెళ్ళి చీరలు కొనుక్కుని, సంచులు మొయ్యలేనంత అయ్యాక మళ్ళీ అలాగే ఇంటికి వచ్చి పడేసి, టీ తాగి మళ్ళీ వెళ్ళాం. రూమ్ దూరమైతే రెండోసారి వెళ్ళే ఓపిక ఎవరికుంటుంది, నచ్చినా నచ్చకపోయినా ఆ పూటకే కొనేసి వస్తాం. చెల్లి వీడియో కాల్లో వద్దన్న చీర ఒకటి అలా రెండో ట్రిప్పులోనే మార్పించాం.

నాకు రెండో ర్యాంకు ఎగ్మూర్. ఒక్కళ్ళు వెళ్ళినా, ఒకటి రెండు రోజుల పనైనా అదే మొదటిది అంటాను. స్టేషన్ ఎదురుగా గాంధీ ఇర్విన్ రోడ్డు, కెనెట్ లేన్, ఈ రెండు చోట్లా లాడ్జిలే లాడ్జిలు, ఎన్నాళ్ళ నుంచో రైలు ప్రయాణికుల కోసమే ఉన్నవి. ఎక్స్‌ప్రెస్ రైళ్ళు, లోకల్, మెట్రో మూడూ ఒక్కచోటే. చాలా లాడ్జిల్లో 24 గంటల చెక్అవుట్, అంటే మీరు తెల్లారి 5 కి దిగితే మర్నాడు 5 దాకా మీదే, మధ్యాహ్నం 12 దాకా లాబీలో సామాన్లు పట్టుకుని కూర్చోక్కర్లేదు. తెల్లవారుజామున దిగే రైళ్ళకి ఇది చాలా ముఖ్యం. కొన్నింటిలో గదులు పాతబడ్డాయి, బాత్రూం చూడకుండా డబ్బులివ్వొద్దు.

ఎగ్మూర్ గురించి ఇంకో మాట. పాంథియన్ రోడ్డులో గవర్నమెంట్ మ్యూజియం, 1851 లో పెట్టింది. మన అమరావతి స్తూపం రాళ్ళు అక్కడున్నాయి! చిన్నప్పటి నుంచి అమరావతి స్కూల్ పిక్నిక్ కి ఎన్నిసార్లో వెళ్ళాం, అక్కడ దిబ్బ చుట్టూ తిరిగొచ్చాం, అసలు శిల్పాల్లో చాలా వరకు మద్రాసుకి, లండన్ కి వెళ్ళిపోయాయని పుస్తకంలో చదవడమే. ఆ పాలరాయి లాంటి తెల్ల రాయి మీద అంత సన్నగా చెక్కిన ఏనుగులు, జనం, తామరలు దగ్గర నుంచి చూస్తుంటే నాకు కదలబుద్ధి కాలేదు, అమ్మ మసక కళ్ళతోనే రాయి దగ్గరికంటా వెళ్ళి చూసింది. గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్ళెవరైనా చెన్నై వెళ్తే ఒక పూట దీనికి పెట్టండి. శుక్రవారం సెలవు, మేం శుక్రవారమే అనుకున్నాం, ఓనరమ్మ చెప్పబట్టి గురువారం వెళ్ళాం.

సెంట్రల్ చుట్టుపక్కల, పెరియమేడు, వాల్ టాక్స్ రోడ్డు వైపు చవక గదులుంటాయి. రాత్రి రైలు దిగి పొద్దున ఇంకో రైలెక్కేవాళ్ళకి తప్ప ఫ్యామిలీకి చెప్పను, రాత్రంతా లారీలు, సరుకు దింపుడు.

ట్రిప్లికేన్ లో మాన్షన్లు అంటారు, చవకే, మెరీనా నడిచి వెళ్ళొచ్చు, పార్థసారథి స్వామి గుడి అక్కడే. కానీ ఆ మాన్షన్లలో చాలా భాగం నెలవారీ ఉండే మగపిల్లల కోసం, బాత్రూంలు కామన్. పరీక్ష రాయడానికో ఇంటర్వ్యూకో వెళ్ళే తమ్ముళ్ళకి బాగుంటుంది. చెపాక్ లో మ్యాచ్ ఉన్న రోజు మాత్రం గది దొరకదు, దొరికినా రేటు అందదు.

మైలాపూర్ నాకు ఊరుగా చాలా నచ్చింది, శుక్రవారం సాయంత్రం కపాలీశ్వరుడి గుడికి వెళ్ళాం, కోనేటి గట్టు మీద కాసేపు కూర్చున్నాం. పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం వదిలిన ఇల్లు కూడా రాయపేట హై రోడ్డులో ఉంది, స్మారక భవనంగా ఉంచారు. మేం వెళ్ళేసరికి చీకటి పడింది, బయట్నుంచే దణ్ణం పెట్టుకున్నాం. ఉండడానికి అయితే లాడ్జిలు తక్కువ, డిసెంబర్ మధ్య నుంచి సంగీత కచేరీల సీజన్, అప్పుడు ముందే చెప్పుకోకపోతే కష్టం.

హాస్పిటల్ పని వారం దాటి ఉంటుందంటే గ్రీమ్స్ రోడ్డు, థౌజండ్ లైట్స్ చుట్టుపక్కల చూడండి. అపోలో 1983 లో మొదలైంది అక్కడే, పేషెంట్ల కోసం వంటిళ్ళున్న గదులు సందు సందుకీ ఉన్నాయి, బెంగాల్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు నెలల తరబడి ఉంటారు, బోర్డులు కూడా బెంగాలీలో ఉంటాయి. నేను రెండు చోట్ల అడిగి చూశా, మాంబళం కంటే రేటు ఎక్కువే చెప్పారు, గదులు చిన్నవి. ఆపరేషన్ అయిన మనిషిని పక్కనే ఉంచుకోవాలంటే మాత్రం ఆ డబ్బు పెట్టాల్సిందే. అమెరికా కాన్సులేట్ కూడా అటే, జెమిని ఫ్లైఓవర్ దగ్గర, హైదరాబాద్ లో డేట్ దొరక్క చెన్నై వచ్చే పిల్లలకీ ఆ ఏరియానే దగ్గర.

గిండి మెట్రో, లోకల్ రెండూ కలిసే చోటు, ఫ్లైట్ ఉన్నవాళ్ళకి బాగుంటుంది. వేళచ్చేరి అద్దెలు అందుబాటులోనే ఉంటాయి గానీ పల్లపు ప్రాంతం, 2015 లోనూ, 2023 డిసెంబర్ మిచౌంగ్ తుఫానుకీ నీళ్ళలో ఉంది. చెన్నైకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, మన దగ్గరలా జులైలో కాదు. ఆ మూడు నెలల్లో వెళ్ళేవాళ్ళు గది బుక్ చేసే ముందు మీ వీధిలో నీళ్ళు నిలుస్తాయా అని ఫోన్ చేసి అడగండి, నిజమే చెప్తారు, మాకు చెప్పారు. ఓఎంఆర్ కూడా చెడ్డదని కాదు నేననేది. మీ అబ్బాయో అమ్మాయో అక్కడ ఉద్యోగంలో చేరుతుంటే, లేకపోతే మహాబలిపురం చూసి రావడమే పనైతే, అక్కడే దిగండి, పూల్ వాడుకోండి.

ఫోన్లో ఇంకేం అడగాలంటే, చెక్అవుట్ 24 గంటలా లేక 12 కా, కరెంట్ పోతే ఏసీకి జనరేటర్ ఉందా లేక ఫ్యాన్ కేనా, కుళాయి నీళ్ళు బోరువా, వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, ఆటో గుమ్మం దాకా వస్తుందా లేక సందు మొదట్లోనే దిగాలా. ఈ చివరిది పెద్దవాళ్ళున్నప్పుడు చాలా ముఖ్యం. ఆధార్ ఒరిజినల్ ఇంట్లో పెద్దవాళ్ళందరివీ తీసుకెళ్ళండి. బిల్లులో జీఎస్టీ చూసుకోండి, రోజుకి 7,500 లోపు గదులకి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది, పాత లెక్కే వేస్తే చెప్పి మార్పించుకోవచ్చు. మే నెలలో వెళ్తే ఏసీ లేని గది తీసుకోవద్దు, విజయవాడ ఎండ తట్టుకున్నాం కదా అనుకోకండి, సముద్రపు గాలి ఉక్క వేరే.

ఖర్చు పక్కపక్కన పెట్టి చెప్తా. ఓఎంఆర్ లో రెండు రోజులకి క్యాబులకే 3,300 దాటింది. మాంబళంలో మూడు రోజులకి ఆటోలు, లోకల్ రైళ్ళు అన్నీ కలిపి 800 లోపు. రూమ్ రోజుకి 200 ఎక్కువ కట్టి కూడా మిగిలింది, పైగా మూడు రోజుల్లో రోడ్డు మీద గడిపిన టైం మొత్తం కలిపినా ఆ ఒక్క మంగళవారమంత లేదు.

డాక్టరు గారు అమ్మకి లేజర్ అక్కర్లేదన్నారు ప్రస్తుతానికి, షుగర్ అదుపులో పెట్టుకుని నాలుగు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. పెళ్ళి అయ్యాక మార్చిలో వెళ్తున్నాం. ఈసారి పినాకిని కాకుండా సర్కార్ ఎక్స్‌ప్రెస్ చూస్తున్నాం, అది సెంట్రల్ కి వెళ్ళదు, ఎగ్మూర్ మీదుగా పోతుంది, ఎగ్మూర్లో దిగి లోకల్ ఎక్కితే నాలుగో స్టేషనే మాంబళం. ఓనరమ్మకి ఫోన్ చేసి గ్రౌండ్ ఫ్లోర్ వాటా రెండు రాత్రులకి చెప్పి పెట్టాం, మనవడికి తెలుగు అక్షరాలు నేర్పాలంట, అ ఆ ల పుస్తకం ఒకటీ, గోంగూర సీసా ఒకటీ తెమ్మన్నారు.